పదమూడో తేదీన బయటపడిన తప్పు: ఒక గో-టు టెలిస్కోప్ కేసు

పగలు అనంతపురంలో కంప్యూటర్లు బాగుచేస్తాను. అమావాస్యకు అటూ ఇటూ రాత్రుళ్లు టెలిస్కోపులు చూస్తాను. ఈ రెండో పనిలో డబ్బు పెద్దగా లేదు, ఫోన్లు మాత్రం చాలా వస్తాయి. వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఒకే మాట: "బటన్ నొక్కితే అదే పోయి చూపిస్తుందన్నారు, చూపించడం లేదు." 2025 ఫిబ్రవరిలో నా దగ్గరికి వచ్చిన ఈ కేసు కూడా అలాగే మొదలైంది. రాయడానికి కారణం వేరే ఉంది. ఇందులో యంత్రం తప్పు కొంత, వాడేవారి తప్పు కొంత, నా తప్పు ఇంకొంచెం ఎక్కువ.

కళ్యాణదుర్గం వైపు ఒక పల్లెలో ఉంటారాయన. లెక్కల సారుగా చేసి రిటైరయ్యారు. కొడుకు డల్లాస్‌లో ఉద్యోగం. అక్కడ రెండేళ్లు వాడుకున్న టెలిస్కోప్‌ను సంక్రాంతికి వస్తూ తెచ్చి, నాన్నకిచ్చి వెళ్లిపోయాడు. ఎనిమిది అంగుళాల ష్మిట్-కాసెగ్రేన్, అద్దాలతో పనిచేసే రకం. అద్దం వ్యాసం 203 మిల్లీమీటర్లు, ఫోకల్ లెంగ్త్ 2032. గొట్టాన్ని మోసేది ఒకే చేయి మీద నిలబడే మౌంట్, అందులో రెండు మోటార్లు: ఒకటి చుట్టూ తిప్పుతుంది, ఒకటి పైకీ కిందికీ. వైరుతో వేలాడే కంట్రోలర్‌ను సారు 'రిమోట్' అంటారు. అందులో వేల కొద్దీ నక్షత్రాలు, గుచ్ఛాలు, గెలాక్సీల జాబితా ఉంటుంది. పేరు ఎంచుకుని ఎంటర్ నొక్కితే గొట్టం తనే తిరిగి అక్కడ ఆగాలి.

ఆగకపోతే ఎంత కష్టమో ఒక లెక్కతో తెలుస్తుంది. 25 మిల్లీమీటర్ల ఐపీస్ (కన్ను ఆనించి చూసే కటకం) పెడితే ఈ గొట్టం 81 రెట్లు పెద్దగా చూపిస్తుంది. అప్పుడు కంటికి ఆనే ఆకాశం డిగ్రీలో మూడింట రెండు వంతులు కూడా ఉండదు. నిండు చందమామ అర డిగ్రీ. అంటే చందమామ పట్టి, చుట్టూ కాస్త చోటు మిగిలేంత కిటికీ. గొట్టం రెండు డిగ్రీలు పక్కన ఆగితే ఐపీస్‌లో ఏమీ ఉండదు, నల్లగా ఉంటుంది. కొత్తవాళ్లు ఆ నలుపును చూసి అద్దం పోయిందనుకుంటారు.

ఫిర్యాదు

ఫిబ్రవరి మొదటి వారంలో సారు ఫోన్ చేశారు. "ఏమప్పా, ఇది నా మాట వినేట్టు లేదే. సగం దూరం తిరిగి ఆగిపోతుంది, స్క్రీన్ ఆరిపోయి మళ్లీ మొదటి నుంచి తేదీ అడుగుతుంది. ఒకసారి చివరి దాకా పోయిందిలే, కానీ చంద్రుడు ఒకవైపుంటే అది ఇంకోవైపు చూస్తోంది." మధ్యలో ఇంకో మాట కూడా అన్నారు, నేను పట్టించుకోలేదు: "రెండో తేదీ రాత్రి మాత్రం పరవాలేదప్పా, కొంచెం దగ్గరికొచ్చింది."

నేను పట్టుకున్నది మొదటి వాక్యమే. సగంలో ఆగి, ఆరిపోయి, మళ్లీ మొదలైతే అది కరెంటు కథ. వినగానే ఎనభై శాతం రోగం తెలిసిపోయిందనుకున్నాను. కంప్యూటర్ల పనిలోనూ ఈ అలవాటుంది నాకు. మొదటి లక్షణం గట్టిగా ఉంటే రెండోది చెవికెక్కదు.

మొదటి రాత్రి, ఫిబ్రవరి 8

శనివారం సాయంత్రం పోయాను. మిద్దె మీద టెలిస్కోప్ పెట్టి ఉంది. పక్కన దుప్పటి, రెండు కుర్చీలు, ఒక చెంబు మజ్జిగ. మౌంట్ అడుగున మూత తీసి చూస్తే ఎనిమిది పెన్ను సెల్లులు, గోడ గడియారానికి వేసే రకం. గడియారానికి అవి ఏడాది వస్తాయి. మోటార్ తిరిగేటప్పుడు మాత్రం కరెంటు ఎక్కువ లాగుతుంది. ఆ సెల్లులు అంత ఇవ్వలేవు, వోల్టేజి ఒక్కసారిగా పడిపోతుంది, కంట్రోలర్ ఆరిపోతుంది. మోటార్ ఆగగానే వోల్టేజి మళ్లీ లేస్తుంది, కంట్రోలర్ కొత్తగా పుట్టినట్టు తేదీ అడుగుతుంది. మల్టీమీటర్ పెట్టి సారుకు చూపించాను. సెల్లులు కొత్తవే కదా అని ఆయన వాదన. కొత్తవే, కానీ ఆ పనికి పుట్టినవి కావు.

యూపీఎస్‌లో వాడే 12 వోల్టుల 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఒకటి నా దగ్గర ఎప్పుడూ ఉంటుంది. దానికి సరిపోయే పిన్ను కట్టి పెట్టాను. ఇక్కడ ఒక జాగ్రత్త: ఈ మౌంట్లలో పిన్ను లోపలి భాగం ప్లస్, బయటి భాగం మైనస్. తిరగేసి పెడితే బోర్డు పోయే ప్రమాదముంది, అందుకే మీటరు పెట్టకుండా నేను ఎవరి వైరూ నమ్మను. బ్యాటరీ పెట్టాక గొట్టం ఈ చివర నుంచి ఆ చివర దాకా ఆగకుండా తిరిగింది.

తరువాత సెట్టింగులు. ఊరు తెలుసుకోవడానికి నాకొక చిన్న పరీక్ష ఉంది. తెలిసిన రెండు నక్షత్రాలు చూపించి యంత్రానికి ఆకాశాన్ని గుర్తుపట్టించడాన్ని అలైన్ చేయడం అంటాం. అలైన్ చేయకుండానే చేసినట్టు ఒప్పుకునే ఆప్షన్ ఒకటి కంట్రోలర్లో ఉంటుంది. దాన్ని ఎంచుకుని, గొట్టాన్ని మట్టంగా ఉత్తరానికి పెట్టి, ధ్రువనక్షత్రానికి పొమ్మంటాను. ధ్రువుడు ఎంత ఎత్తులో కనిపిస్తాడో ఆ ఊరి అక్షాంశం దాదాపు అంతే. కళ్యాణదుర్గం ప్రాంతంలో అది పద్నాలుగున్నర డిగ్రీలు, అంటే చేయి చాచి చూస్తే ఒకటిన్నర పిడికిలి. గొట్టం పైకి లేచి లేచి ఎక్కడో ఆగింది. ఫోన్ ఆనించి కొలిస్తే 33. ఆ ఎత్తులో ధ్రువుడు కనిపించేది డల్లాస్‌లో. టెలిస్కోప్ అనంతపురం జిల్లాకొచ్చి నెల అయినా, తాను ఇంకా టెక్సస్‌లోనే ఉన్నాననుకుంటోంది. పైగా వేసవిలో గడియారం గంట ముందుకు జరిపే అక్కడి ఏర్పాటు కూడా 'ఉంది' అనే పెట్టి ఉంది.

ఊరు మార్చాను, వేసవి గంట తీసేశాను. టైమ్ జోన్ దగ్గర ఈ కంట్రోలర్లో మనకు ఒక ఇబ్బంది ఉంది. కాస్త పాత కంట్రోలర్లలో చాలావాటికి ఉండేదే. గంటలు తప్ప అరగంటలు తీసుకోదు. ఐదు ఉంటుంది, ఆరు ఉంటుంది, ఐదున్నర ఉండదు. మన గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద నడుస్తుంది. కాకినాడకు దగ్గరగా పోయే గీత అది. పదిహేను డిగ్రీలకు ఒక గంట చొప్పున భాగిస్తే ఐదున్నర. ఆ అరగంటను ఆలోచించకుండా చేసిన పరికరాలు మన దేశంలో చాలా ఉన్నాయి. దీనికి నేనెప్పుడూ వాడే ఉపాయం, జోన్‌ను యూనివర్సల్ టైమ్‌గా (అంటే గ్రీనిచ్ టైమ్) పెట్టి, మన టైమ్‌లోంచి ఐదున్నర గంటలు తీసేసి కొట్టడం. రాత్రి ఎనిమిదైతే 14:30.

అదే చేశాను. నా చేత్తోనే తేదీ కొట్టాను, టైమ్ కొట్టాను, సిరియస్, కాపెల్లా పెట్టుకుని అలైన్ చేశాను. గురుడు వచ్చాడు, నాలుగు చంద్రులతో. మృగశిర కింద నెబ్యులా, అంటే వెలిగే మబ్బు లాంటిది, వచ్చింది. చంద్రుడు చెప్పినచోటే. సారు భార్య కూడా మిద్దెక్కి చూసి, చంద్రుడి మీద గుంటలు చూసి "ఇట్లా ఉంటుందా" అన్నారు. పదకొండింటికి బయల్దేరాను. నోట్‌బుక్‌లో రాసుకున్నది: 'సమస్య: సెల్లులు. ఊరు మార్చాను. ముగిసింది.'

ముగియలేదు. ఆ రాత్రి సారు చేతికి ఒక్కసారి కూడా రిమోట్ ఇవ్వలేదు నేను.

ఫోన్లు

మరునాడే ఫోన్. "అలైన్ చేద్దామంటే సిరియస్ లిస్టులో లేదప్పా. ఏదో ఫోమల్‌హాట్ అంటోంది." లిస్టు సరిగ్గా చూసి ఉండరనుకున్నాను. ఫిబ్రవరి రాత్రి ఏడున్నరకు తూర్పున సిరియస్ కళ్లకు కొట్టినట్టు వెలుగుతుంటుంది, ఫోమల్‌హాట్ అప్పటికి పడమట అస్తమిస్తుంటుంది. పెద్దాయన, రాత్రిపూట చిన్న అక్షరాలు, పొరపాటు పడి ఉంటారు. "బ్యాటరీ చార్జింగ్ పెట్టారా సార్?" అని అడిగి పెట్టేశాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

పదో తేదీ, పన్నెండో తేదీ కూడా చేశారు. ఒకరోజు ఒక జాబితా, ఇంకోరోజు ఇంకో జాబితా. పదమూడో తేదీ సాయంత్రం ఆయన గొంతులో కోపం. "కొత్త జబ్బు మొదలైంది. ఈరోజు తేదీనే తీసుకోవడం లేదు. పదమూడు కొడితే వద్దంటోంది."

అప్పుడు వెలిగింది.

అమెరికా పద్ధతిలో ముందు నెల, తరువాత తేదీ. నాకు ఏళ్ల తరబడి అలవాటు కాబట్టి చేయి తనే 02/08/25 కొడుతుంది. సారు మన పద్ధతిలో తేదీ ముందు కొడుతున్నారు. తొమ్మిదో తేదీన 09/02/25 కొడితే కంట్రోలర్‌కు అది సెప్టెంబర్ 2. పదో తేదీన అక్టోబర్ 2. పన్నెండు దాకా అది ఏ తప్పూ లేనట్టు మింగేస్తూనే పోయింది, ఎందుకంటే పన్నెండు నెలలు ఉన్నాయి. పదమూడో నెల లేదు కాబట్టి పదమూడో తేదీన మొరాయించింది. సారుకు కొత్త జబ్బులా కనిపించింది నిజానికి పాత జబ్బు తన పేరు చెప్పుకోవడం.

ఆయన మొదట అన్న మాట కూడా అప్పుడే గుర్తొచ్చింది. రెండో తేదీ రాత్రి కొంచెం దగ్గరికొచ్చిందన్నారు కదా. 02/02/25. ఎటు చదివినా ఒకటే. ఆ ఒక్క రోజు మాత్రం తేదీ తప్పే అవకాశం లేదు. మొదటి ఫోన్లోనే జవాబు ఉంది, నేను వినలేదు.

తేదీ తప్పితే ఎంత తేడా వస్తుందంటే, నక్షత్రాలు రోజుకు దాదాపు నాలుగు నిమిషాలు ముందుగా వస్తుంటాయి. నెలకు రెండు గంటలు. ఫిబ్రవరిని సెప్టెంబర్ అనుకుంటే యంత్రం మనసులో ఉన్న ఆకాశం వేరే. దానికి తోడు నేను పెట్టిపోయిన యూనివర్సల్ టైమ్ ఉంది. దాని సంగతి సారుకు రాసివ్వలేదు, ఆయన ఏడున్నరకు ఏడున్నరే కొట్టారు. తొమ్మిదో తేదీ రాత్రి ఆ పెట్టెకు తెలిసింది సెప్టెంబర్ అర్ధరాత్రి దాటిన ఆకాశం. అందులో సిరియస్ ఇంకా ఉదయించలేదు, ఫోమల్‌హాట్ దక్షిణాన పైకి ఉంది. సారు లిస్టు సరిగ్గానే చదివారు.

ఇక్కడ కాస్త ఆగి ఒక సంగతి చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి కేసుల్లో చాలామంది దారి తప్పేది ఇక్కడే. గో-టు టెలిస్కోప్‌కు కళ్లు లేవు. మనం చెప్పిన తేదీ, టైమ్, ఊరు బట్టి నక్షత్రం ఎక్కడుండాలో లెక్కేస్తుంది. మనం రెండు నక్షత్రాలను ఐపీస్ మధ్యకు తెచ్చి 'ఇదిగో' అన్నాక, తన గేర్ల లెక్కను ఆకాశంతో ముడి వేసుకుంటుంది. ఆ ముడి సరిగ్గా పడితే, టైమ్ అరగంట తప్పినా, చివరికి ఊరు తప్పినా, నక్షత్రాల వరకు క్షమించేస్తుంది. నక్షత్రాల మధ్య దూరాలు ఏ ఊళ్లోనైనా ఏ రోజైనా అవే కదా. కానీ చంద్రుడు, గ్రహాలు రోజూ జరుగుతుంటాయి. వాటి చోటు తేదీ నుంచే లెక్కేయాలి. అందుకే నక్షత్రాలన్నీ సరిగ్గా వచ్చి చంద్రుడు, గ్రహాలు మాత్రమే రాకపోతే నేను ముందు తేదీ చూస్తాను. ఏదీ రాకపోతే, అలైన్ చేసిన రెండింటిలో ఒకటి వేరే నక్షత్రం అయ్యుంటుంది. మొదటి నక్షత్రం దగ్గర అంతా బాగుండి, దూరం పోయేకొద్దీ తప్పితే కూడా అదే. సరిగ్గా వచ్చి నెమ్మదిగా పక్కకు జారిపోతే, నక్షత్రం వెంట గొట్టాన్ని తిప్పే ట్రాకింగ్ సెట్టింగో, బిగించని క్లచ్చో. సగంలో ఆరిపోతే కరెంటు. సారు కేసులో మొదటి, చివరి లక్షణాలు రెండూ ఉన్నాయి. నేను చివరిదొక్కటే విన్నాను.

నెల ముందు కొట్టమని ఫోన్లో చెప్పాను. రెండు రోజులకు కబురు: "ఇప్పుడు దగ్గరికొస్తోంది గానీ, పక్కన ఆగుతోంది."

రెండో రాత్రి, ఫిబ్రవరి 22

ఈసారి ఒక నియమం పెట్టుకుని పోయాను: రిమోట్ ముట్టుకోను. కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అంతా సారే చేశారు. రెండో ట్రిప్పుకు పెట్రోలు డబ్బులు ఇవ్వబోయారు, తీసుకోలేదు.

తేదీ సరిగ్గా కొట్టారు. టైమ్ 19:30. జోన్ దగ్గర 'ప్లస్ ఐదు' కనిపించింది. అడిగితే, "యూనివర్సల్ అని ఉంది, తప్పనుకుని మార్చినాను. ఐదున్నర లేదు, దగ్గరగా ఉన్నది పెట్టినా" అన్నారు. నేను రాసివ్వకపోయిన దానికి ఆయన చేయగలిగింది అదే. అంటే పెట్టె అసలు కన్నా అరగంట తరువాతి ఆకాశాన్ని ఊహిస్తోంది. భూమి గంటకు పదిహేను డిగ్రీలు తిరుగుతుంది, అరగంటకు ఏడున్నర. "ఏడున్నర డిగ్రీలు పడమరకు తప్పాలె" అని నాకంటే ముందు సారే అన్నారు. లెక్కల సారు కదా.

మొదటి నక్షత్రం సిరియస్. గొట్టం దానికి పడమరగా ఆగింది. సిరియస్‌ను ఎవరూ పొరబడరు, బాణం గుర్తులు నొక్కుతూ పట్టుకున్నారు. రెండోదానికి కంట్రోలర్ పోలక్స్ అడిగింది. గొట్టం తూర్పు వైపు పైకి పోయి, మళ్లీ కాస్త పడమరగానే ఆగింది. సారు ఫైండర్లో (గొట్టం మీద గురి చూసుకునే చిన్న పరికరం) చూసి, దగ్గర్లో అన్నిటికంటే వెలుగుగా, ఎర్రగా ఉన్నదాన్ని మధ్యకు తెచ్చి ఎంటర్ నొక్కారు. కంట్రోలర్ సరేనంది.

నోరు మూసుకుని కూర్చోవడం ఆ నిమిషంలో చాలా కష్టమైంది. ఆయన పట్టుకున్నది అంగారకుడిని. ఆ నెల అంతా అంగారకుడు మిథునంలోనే ఉన్నాడు, పోలక్స్‌కు ఆరేడు డిగ్రీల పడమరగా, దానికంటే ఎక్కువ వెలుగుతో. టైమ్ తప్పు గొట్టాన్ని సరిగ్గా ఆ వైపుకే నెట్టింది. ఒక తప్పు ఇంకో తప్పుకు దారి చూపించిందన్నమాట. సిరియస్‌కు పొమ్మంటే సిరియస్ దగ్గరికే పోతోంది. కాపెల్లాకు పొమ్మంటే ఖాళీ.

"సార్, ఇప్పుడు పట్టుకున్నదాని పేరేంది?" అని అడిగాను.

"పోలక్సే కదా?"

"పునర్వసు."

ఆయన తల పైకెత్తి చూశారు. పునర్వసు జంట అని ఆయనకు తెలుసు, క్యాస్టర్, పోలక్స్ రెండూ ఒకదాని పక్కన ఒకటి. ఆ జంట ఎక్కడుందో, తాను పట్టుకున్న ఎర్రటిది ఎక్కడుందో చూసి, "ఇది కుజుడప్పా" అని నవ్వారు.

ఈ కేసులో నాకు ఎక్కువ నచ్చిన భాగం ఇదే. ఆయనకు ఆకాశం తెలియదని నేననుకున్నాను. ఆయనకు రోహిణి తెలుసు, ఆర్ద్ర తెలుసు, కృత్తిక తెలుసు. మృగశిరలో మూడు చుక్కల వరుసను గొల్లకావడి అంటారని, కృత్తికను పిల్లల కోడి అంటారని తెలుసు. అగస్త్యుడు దక్షిణాన తక్కువ ఎత్తులో కనిపిస్తాడని తెలుసు. తెలియనిది రిమోట్‌లోని పేర్లు: అల్డెబరాన్, బెటెల్‌గ్యూస్, కానోపస్. రోహిణి అని ఉంటే ఆయన వేరేదాన్ని పట్టుకునేవారే కాదు. ఈ పెట్టెలు అమ్మేవాళ్లు ఎవరూ మన పేర్లు పెట్టరు, పెడతారని ఎదురుచూడడం కూడా అనవసరం. ఒక అట్టముక్క చాలు.

ఆ రాత్రే అట్ట రాశాం. ఒకవైపు పేర్లు: బెటెల్‌గ్యూస్ ఆర్ద్ర, అల్డెబరాన్ రోహిణి, పోలక్స్ పునర్వసులో ఒకటి, కానోపస్ అగస్త్య, కాపెల్లా బ్రహ్మహృదయం, సిరియస్ మృగవ్యాధుడు. రెండోవైపు సారు తన చేతిరాతతో: 'ముందు నెల. జోన్ యూనివర్సల్. మన టైమ్ మైనస్ 5:30.' కింద పట్టిక: 7:00కు 13:30, 7:30కు 14:00, అలా అర్ధరాత్రి దాకా. ట్రైపాడ్ కాలికి దారంతో కట్టాం. టార్చికి ఎర్ర కాగితం చుట్టాం, అట్ట చదివేటప్పుడు చీకటికి అలవాటుపడిన కళ్లు చెదరకుండా.

టైమ్ సరిచేశాక సిరియస్‌కు పొమ్మంటే ఫైండర్లో మధ్యకు దగ్గరగానే ఆగింది. రెండోదానికి రోహిణిని ఎంచుకోబోయారు, వద్దన్నాను. మన అక్షాంశంలో రోహిణి, ఆర్ద్ర ఇంచుమించు నెత్తి మీదుగా పోతాయి. నడినెత్తిన ఉన్నదాన్ని పట్టుకుంటే గొట్టం ఏ దిక్కుకు తిరిగి ఉందో లెక్క సరిగ్గా కుదరదు, కొద్ది తేడా వచ్చినా దిక్కులో పెద్ద తేడా అవుతుంది. సిరియస్, అగస్త్య కూడా పనికిరావు, రెండూ ఒకే వైపున ఉంటాయి. ఉత్తరాన బ్రహ్మహృదయం, ఆగ్నేయంలో మృగవ్యాధుడు, ఈ జోడీ ఆ వేళకు బాగా కుదిరింది.

మిగిలినవి చిన్నవి. ట్రైపాడ్ మీద మేస్త్రీల రసమట్టం పెట్టి మట్టం సరిచేశాం. నక్షత్రాన్ని మధ్యకు తెచ్చేటప్పుడు ఆఖరి కదలిక ఎప్పుడూ పై బాణం, కుడి బాణంతోనే ఉండాలని చెప్పాను. గేరు పళ్ల మధ్య కొంచెం వదులుంటుంది, ప్రతిసారీ ఒకే వైపు నుంచి తోస్తే ఆ వదులు లెక్కలోకి రాదు. 40 మిల్లీమీటర్ల ఐపీస్‌తో వెతకడం, దొరికాక 25కి మారడం. పదింటికి పిల్లల కోడి, మృగశిర నెబ్యులా, గురుడు, అంగారకుడు అన్నీ ఐపీస్‌లోకి వచ్చాయి. ఒకటి రెండు అంచుల్లో ఆగాయి.

కొడుకు అడిగింది

ఆ వారంలో డల్లాస్ నుంచి కొడుకు వీడియో కాల్ చేసి, ఇంత తలనొప్పి ఎందుకు, స్మార్ట్ టెలిస్కోప్ ఒకటి కొని పంపనా అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. 2023లో వచ్చిన సీస్టార్ ఎస్50 లాంటివాటిలో అలైన్‌మెంట్ అనే మాటే లేదు. తేదీ, టైమ్, ఊరు ఫోన్ నుంచి తీసుకుంటాయి. తరువాత ఆకాశాన్ని ఫొటో తీసి, అందులోని చుక్కల అమరికను తమ దగ్గరున్న పటంతో పోల్చుకుని తామెక్కడ చూస్తున్నాయో తెలుసుకుంటాయి, తప్పితే తమంతట తామే సరిచేసుకుంటాయి. అంటే వాటికి కళ్లున్నాయి. నేను పైన చెప్పిన గోలంతా వాటికి లేదు.

అయినా వద్దన్నాను. ఆ పరికరానికి ఐపీస్ ఉండదు. 50 మిల్లీమీటర్ల చిన్న కటకంతో పది సెకన్ల ఫొటోలు ఒకదానిమీద ఒకటి పేర్చి, బొమ్మను ఫోన్లో చూపిస్తుంది. నెబ్యులాల రంగులు అందులోనే బాగా తెలుస్తాయి, ఒప్పుకుంటాను. కానీ సారు ఇంట్లో ఉన్న అద్దం దానికంటే పదహారు రెట్లు ఎక్కువ వెలుగు పట్టుకుంటుంది. ఆ ఊరి పిల్లలు ఫోన్లో బొమ్మలు రోజూ చూస్తున్నారు. గొట్టానికి కన్ను ఆనించి గురుడి చంద్రులను చూసినవాళ్లు లేరు. ఊరు వదిలి పట్టణంలో ఉండేవాళ్లకైతే, వీధిదీపాల కింద మిద్దె మీద, నేనే సీస్టార్ కొనమంటాను.

శివరాత్రి

ఫిబ్రవరి 26 శివరాత్రి. చంద్రుడు తెల్లవారుజామున గానీ రాడు, ఊరు ఎలాగూ జాగారం. సారు టెలిస్కోప్‌ను గుడి ముందు బయలులో పెట్టాలనుకున్నారు. నన్ను రమ్మన్నారు గానీ, చేయి పెట్టొద్దన్న షరతు మీద.

పొద్దుగూకగానే పడమట శుక్రుడు. అప్పటికి శుక్రుడు సన్నని నెలవంకలా ఉన్నాడు. వరుసలో నిలబడ్డ వాళ్లలో సగం మంది ఐపీస్‌లో చూసి చంద్రుడే అన్నారు. "మరి చంద్రుడేడి పైన?" అని సారు అడిగితే, తల తిప్పి ఆకాశమంతా వెతుక్కున్నారు. శని కావాలన్నవాళ్లు చాలామంది. శని అప్పుడు సూర్యుడికి బాగా దగ్గరగా ఉన్నాడు, దొరికే పని కాదు. నిరాశపడ్డారు. గుడి దగ్గర మైకు, సీరియల్ బల్బులు ఉన్నా, బయలులో ఆకాశం బాగానే ఉంది.

పన్నెండున్నరకు గుడి బల్బుల వెలుగు ఇటు పడుతోందని టెలిస్కోప్‌ను చెరువు గట్టు వైపుకు మార్చారు. ఆపి, మోసుకుపోయి, మళ్లీ పెట్టారు. రసమట్టం చూసుకున్నారు. ఒంటిగంటకు రిమోట్ ఆన్ చేశారు. నేను పక్కన నిలబడి ఉన్నాను, లోపల టెన్షన్. అట్ట మీద అర్ధరాత్రి తరువాతి సంగతి మేం రాయలేదు. మన గడియారంలో తేదీ 27 అయింది. యూనివర్సల్ టైమ్‌లో ఇంకా 26వ తేదీ, సాయంత్రం 19:30. మన టైమ్‌లో తెల్లవారి ఐదున్నర దాటేదాకా అక్కడ తేదీ మారదు. అర్ధరాత్రి దాటాక మొదలుపెట్టే ప్రతివాళ్లూ పడే గుంట ఇది. నేనే రెండుసార్లు పడ్డాను.

సారు 02 కొట్టారు. ఆగారు. అట్టను ఎర్ర టార్చి వెలుగులో ఒకసారి చూసుకున్నారు. వేళ్ల మీద ఏదో లెక్కపెట్టారు. తరువాత 26 కొట్టారు, 25 కొట్టారు. టైమ్ 19:30. రెండు నక్షత్రాలు పట్టుకుని అలైన్ చేశారు. నా వైపు చూడలేదు.

ఆగ్నేయంలో చెరువు మీదుగా ఇరవై డిగ్రీల పైన ఒమేగా సెంటారి అనే నక్షత్ర గుచ్ఛం లేస్తోంది. సారు జాబితాలోంచి దాన్ని ఎంచుకుని ఎంటర్ నొక్కారు. గొట్టం తిరిగింది. ఐపీస్‌లో మధ్యకు కాస్త ఎడమగా, చక్కెర చల్లినట్టు గుండ్రంగా ఉంది. వెనక నిలబడ్డ పిల్లవాడిని ముందుకు రమ్మని, "అస్సలు ముట్టుకోకుండా చూడు, గొట్టం కదిలిస్తే మళ్లీ మొదటి నుంచి నేను కూర్చోవాల" అన్నారు.